ఇద్దరు అక్కలు, లేని చెల్లి

మనుషులకు హక్కులు కావాలంటే ముందు ఊళ్ళకు చుట్టరికం కలపాలి! నవ్వకండి, ఇది నా దృఢమైన అభిప్రాయం. మా కుట్టుమిషను పిన్ని మాత్రం ఒప్పుకోదు. కూర్చునే చోటు పోయిందన్న బాధలో ఉంది, పాపం. ఆమె సంగతికి తర్వాత వస్తాను.

మా ఊరూ, ఏటికి అవతలి ఊరూ కలిసి శాంతికీ మానవ హక్కులకూ పాటుపడతామని ఒప్పందం రాసుకున్నాయి. ఇకనుంచి అవి అక్కచెల్లెళ్ళట. వినగానే నాకు కాళ్ళు నేలమీద ఆనలేదు. చిక్కల్లా ఒక్కటే. ఎవరు అక్క, ఎవరు చెల్లి?

‘సోదరి’ అనుకోవచ్చుగా అంటారా? ఆ మాట ఉపన్యాసంలో చెల్లుతుంది గానీ ఇంట్లో చెల్లదు. ‘సోదరీ, కాస్త మంచినీళ్ళివ్వు’ అని ఎవరైనా అడుగుతారా?

మా గడియార స్తంభం పాతది కాబట్టి మేమే అక్కలం అన్నారు మా మేయరుగారు. మా మురుగుకాలవ అంతకన్నా పాతదన్నారు అవతలి మేయరుగారు. వాసన చూస్తే నిజమేననిపిస్తుంది. శాంతి కమిటీలో కుర్చీలు లేచాయి, మైకు విరిగింది. శాంతి కోసం ఆమాత్రం కొట్టుకోకపోతే ఎలా?

చివరికి రాజీ కుదిరింది. మా ఊళ్ళో బ్యానరు మీద మేం అక్క, వాళ్ళ ఊళ్ళో బ్యానరు మీద వాళ్ళు అక్క. చెల్లి అన్న మాట ఎక్కడా రాయకూడదు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఇమిడాయి!

మా బ్యానరుకు అంచు కుట్టింది పిన్నే. మునిసిపల్ ఆఫీసు గోడ పక్కన మిషను పెట్టుకుని మా వీధి గుండీలూ, జిప్పులూ, పరువూ కాపాడుతుండేది. బ్యానరు కట్టడానికి కమిటీకి సరిగ్గా ఆ గోడే నచ్చింది. కట్టాక చూస్తే, కింద కూర్చున్న పిన్ని తల ‘మానవ హక్కులు’ అన్న అక్షరాలకు అడ్డొస్తోంది. ఆమెను అక్కణ్ణుంచి లేపేశారు. మనిషి అడ్డుగా ఉంటే మానవ హక్కులు ఎలా కనిపిస్తాయి చెప్పండి?

ఇప్పుడు వీధి ఎంత ప్రశాంతంగా ఉందో! మిషను చప్పుడు లేదు, బేరాల గోల లేదు.

నా సంచి జిప్పు ఊడిందని వెళ్తే, పిన్ని మిషనును తోపుడుబండికి కట్టుకుంటోంది. నేను ధైర్యం చెప్పాను.

“అవతలి ఊరికి వెళ్ళరాదూ పిన్నీ? ఇప్పుడు అదీ మనదేగా!”

“అక్కణ్ణుంచి తరిమితేనేగా నాయనా ఇక్కడికొచ్చింది! అక్కడ పూలకుండీలు పెట్టాలన్నారు, ఇక్కడ బ్యానరన్నారు. ఇద్దరూ అక్కలేనాయె, పెద్దరికాలు చూసుకుంటారు. నన్ను ఉండనిచ్చే చెల్లి ఎక్కడన్నా ఉంటే చెప్పు, పోయి ఉంటా.”

ఈ ఒక్క పనిలో మాత్రం రెండు ఊళ్ళకూ మాట తేడా రాలేదన్నమాట! మైకు కూడా విరగలేదు. నాకు చెప్పలేనంత సిగ్గేసింది.

జిప్పు బాగుచేసేవాళ్ళు లేక నా సంచి అలాగే ఉంది. మా శాంతి నగరంలో ఇప్పుడు నోరు తెరుచుకుని ఉన్నది అదొక్కటే.