ముందు టైరు, వెనుక టైరు: ఒక ఉన్నతస్థాయి పరిశీలన

చక్రాన్ని కనుగొనడం మానవజాతికి పెద్ద పని కాదు. ఆ చక్రానికి ఎంత వెడల్పు టైరు తొడగాలో తేల్చడమే అసలు పని. కంకరబాట సైకిలు సంఘం నియమావళిలో ఇది మొదటి వాక్యం. (రెండో వాక్యం ఇంకా పరిశీలనలో ఉంది.)

సంఘంలో కొత్తగా చేరిన రిటైర్డ్ ఫిజిక్సు లెక్చరరుగారికి ఈ వాక్యం ఎంతో నచ్చింది. ఆధారం లేనిదే ఆయన ఆవగింజంతైనా నమ్మరు. భార్య ఆ నెలలోనే నర్సు ఉద్యోగం నుంచి రిటైరైంది. ఇన్నేళ్ల కాపురంలో ఇద్దరికీ కలిసి ఒక్క సెలవూ కుదరలేదు. వానలకు దారి మూసుకుపోయేలోగా, ఈ ఆదివారం కంకరబాట మీదుగా చెరువుదాకా సైకిళ్ల మీద వెళ్దామని ఆయన మాట ఇచ్చారు. కొత్త సైకిలు వచ్చింది, టైర్లే తక్కువ.

ముందు టైరు వెడల్పైతే రాళ్ల మీద పట్టు దొరుకుతుంది, వెనుకది సన్నమైతే వేగం వస్తుంది అని ఆయన వాదం. కాని సంఘం వెడల్పులు తేల్చేదాకా సభ్యులెవరూ సొంత టైర్లు తొడగరాదని విధానం. ముందు చక్రం ఒక ఉపసంఘం పరిధిలోనిది, వెనుక చక్రం మరొకదాని పరిధిలోనిది.

"వెనకది తేలకుండా ముందుది ఎలా చెప్తామండీ?" అన్నారు మొదటివారు.

"ముందుది తేలనివ్వండి, మాదెంతసేపు!" అన్నారు రెండోవారు.

సమన్వయ ఉపసంఘం ఉంది గాని, దానిలోని ఇద్దరు సభ్యులకూ మాటల్లేవు. (వారిని కలపడానికి వేరే ఉపసంఘం వేశారు.)

"పోనీ, పరీక్ష పెట్టండి" అన్నారు లెక్చరరుగారు.

కార్యదర్శి ముఖం వెలిగింది. "తప్పకుండా సార్! కాకపోతే, తొక్కేది ఏ టైరో మీకు తెలియకూడదు. కళ్లకి గంతలు కట్టుకోవాలి."

ఆ నిష్పాక్షికతకు ఆయన ముగ్ధులయ్యారు. సంఘంవారి టైర్లతో రెండుసార్లు తొక్కారు. 'రెండు వెడల్పులతోనూ గోడకు గుద్దుకున్న తీరులో చెప్పుకోదగ్గ తేడా లేదు' అని నివేదిక వచ్చింది. నిర్ధారణకు మరిన్ని గోడలు కావాలని సిఫారసు కూడా చేశారు.

"జాతకాలంటే ఇంతెత్తున లేచే మనిషి, రెండు టైర్లకి జాతకాలు కలిపిస్తున్నారేంటండీ!" అంది భార్య, మోచేతికి మందు రాస్తూ.

"ఇది శాస్త్రం."

"జాతకాలు చూసేవాడూ అదే అంటాడు."

ఆదివారం పొద్దున్నే ఆవిడ తన పాత సైకిలుకు వీధి చివర కొట్టులో దొరికిన టైర్లు వేయించుకుని గేటు దగ్గర నిలబడింది. "ఏవండీ, అద్దె సైకిలు ఒకటి చెప్పి ఉంచాను. వస్తారా, రారా?"

"ఇవాళ సమన్వయ సమావేశం. ఇంతదాకా వచ్చాక వదిలేస్తే ఎలా? ఆగాగు, నీ ముందు టైరెంత? వెనకదెంత?"

"ఏమో! రెండూ గుండ్రంగా ఉన్నాయి" అని ఆవిడ పెడలు మీద కాలేసింది.

సాయంత్రం మోకాళ్లదాకా బురదతో, కూనిరాగం తీస్తూ తిరిగొచ్చింది. "చెరువు నిండా కొంగలేనండీ!" అంది. సమావేశం వాయిదా పడిందని ఆయన చెప్పారు. రాత్రికి వాన పట్టుకుంది. దారి మూసేశారు.

సంవత్సరాంత సభలో కార్యదర్శి గొంతు సవరించుకుని, వెడల్పుల విధానం అమల్లోకి వచ్చాక సభ్యుల్లో ఒక్కరికైనా పంక్చరు కాలేదని ప్రకటించారు. లెక్చరరుగారు ఆధారాలన్నీ స్వయంగా పరిశీలించి, నిజమేనని ధ్రువీకరించారు.