ఎమ్మెల్యే గారొచ్చాకే సేవ

విద్యార్థుల్లో సేవాభావం పొంగి పొర్లాలని పైవాళ్లు నిశ్చయించారు. అది శనివారం నాడే పొంగాలనీ, ఎమ్మెల్యే గారు ప్రారంభించాకే పొంగాలనీ ఉత్తర్వులు పంపించారు. మా హైస్కూల్లో దాన్ని పొంగించే బాధ్యత సోషల్ మాస్టారు ప్రేమ్‌చంద్ గారి మీద పడింది.

ఆయన సామాన్యుడు కాదు. సహాయ నిరాకరణ పాఠం చెబుతుంటే వెనక బెంచీ పిల్లలు కూడా పిడికిళ్లు బిగించేవారు. హెడ్మాస్టారు గదిలోకి వెళ్లాలంటే మాత్రం ఆయనకు చెమటలు పట్టేవి. ఆ సంగతి తనే వాళ్లావిడకు చెప్పుకుని నవ్వుకునేవాడు.

సేవకు ఎలీసమ్మ కళ్లాన్ని ఎంపిక చేశారు. కౌలు చేలో ఏడాదంతా నడుం వంచి పండించిన మిర్చి అక్కడ ఎర్రగా ఆరబోసి ఉంది. తడిస్తే కాయ తెల్లబడి తాలైపోతుంది, యార్డులో ఎవడూ ముట్టుకోడు. వాన సూచన ఉంది కనుక పిల్లలంతా మిర్చి మీద పట్టాలు కప్పాలి. మొదటి పట్టా ఎమ్మెల్యే గారు కప్పాలి. అందుకని ఎలీసమ్మ ఇంట్లో ఉన్న పట్టాలు కూడా తెచ్చి, మడిచి, రిబ్బను కట్టారు. ఎమ్మెల్యే గారు కూర్చోడానికి సర్పంచి గారింటి నుంచి సోఫా వచ్చింది.

ఎమ్మెల్యే గారు రాలేదు గానీ మబ్బు వచ్చింది.

"మాస్టారూ, కప్పేద్దామా?" అంది తొమ్మిదో తరగతి లీడరు భవ్య.

"ఆగమ్మా. ఇంకా ప్రారంభం కాలేదుగా."

"వాన ప్రారంభమయ్యేట్టుంది మాస్టారూ!"

మాస్టారు ఎమ్మెల్యే గారి పీఏ సుభానీకి ఫోన్ చేశాడు.

"చీమకుర్తి దగ్గర గ్రానైట్ లారీ అడ్డంగా ఆగిపోయింది మాస్టారూ. సార్ వచ్చేదాకా ఒక్క పట్టా కదలకూడదు."

"ఇప్పుడు కప్పేసి, సార్ రాగానే తీసి, మళ్లీ కప్పిస్తామండీ."

"అది నటనవుతుంది. మా సార్‌కి నటన గిట్టదు."

ఎలీసమ్మ ఉండబట్టలేక లేచింది. "ఓ మేస్టారూ! నా కాయ నేను కప్పుకుంటానయ్యా!"

"నువ్వే కప్పుకుంటే అది సేవెలా అవుతుంది ఎలీసమ్మా? లబ్ధిదారులు కుర్చీలో కూర్చోవాలి."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని గ్రహించి ప్రేమ్‌చంద్ మాస్టారు సిగ్గుపడ్డాడు. చాలాసేపే సిగ్గుపడ్డాడు. ఈలోగా చినుకులు మొదలయ్యాయి.

అప్పుడు మాస్టారిలోని ఉద్యమకారుడు మేల్కొన్నాడు. ఏమైతే అదైందని తన చేతుల్తోనే రిబ్బను తెంపేశాడు. "కప్పండర్రా!" అని అరిచాడు. పిల్లలు పట్టాలు ఎత్తుకుని కళ్లం వైపు పరిగెత్తారు. సరిగ్గా అప్పుడే ఆయన కళ్లు పక్కకు తిరిగాయి.

"అమ్మో! సోఫా! ముందు సోఫా కప్పండ్రా!"

తర్వాత మైకు సెట్టు గుర్తొచ్చింది. ఆ తర్వాత ఎమ్మెల్యే గారి ఫ్లెక్సీలు, అవీ పెద్దవే. పట్టాలు అక్కడికే చాల్లేదు.

వాన దంచేసింది. ఎలీసమ్మ కొంగుతో కప్పబోయి, కుదరక, మిర్చి మీదికి వంగి రెండు చేతులా దగ్గరికి లాక్కుంటూ ఏడ్చింది. "ఏసయ్యా, నా ఏడాది కష్టమంతా పోయిందయ్యా!" భవ్యా, మిగతా ఆడపిల్లలూ చున్నీలు తీసి పరిచారు. మాస్టారు మాత్రం ఫ్లెక్సీ ఎగిరిపోకుండా పట్టుకుని నిలబడ్డాడు. తనను తాను తిట్టుకున్నాడు గానీ ఫ్లెక్సీ వదల్లేదు.

వాన వెలిశాక ఎమ్మెల్యే గారు వచ్చారు. పట్టా తీసిన సోఫాలో తృప్తిగా కూర్చున్నారు.

"మిర్చి తడిసిందేంటయ్యా?"

"ప్రకృతి వైపరీత్యం సార్," అన్నాడు ప్రేమ్‌చంద్ మాస్టారు. మాస్టారికి శాలువా కప్పారు.

తర్వాత ఎమ్మెల్యే గారు భవ్యను పిలిచి మైకు చేతికిచ్చారు. "ఏమ్మా, ఇంత వానలో తడుస్తూ మీరంతా ఏం సేవ చేశారో చెప్పు."

భవ్య తడి జుట్టు వెనక్కి తోసుకుంది.

"మీ సోఫా తడవకుండా కాపాడామండీ."

ఎమ్మెల్యే గారు సోఫాను చేత్తో తడిమి చూసుకుని, మెచ్చుకోలుగా తలాడించారు. వెంటనే చప్పట్లు మొదలయ్యాయి. ముందుగా కొట్టిందెవరా అని భవ్య తిరిగి చూసింది.

మాస్టారే.