ఫ్రెండ్‌కి తగ్గిపోయింది

సోమవారం ఉదయం పదకొండు గంటలకు, జగిత్యాల రోడ్డులోని ఒక డిగ్రీ కాలేజీ కౌన్సెలింగ్ గదికి ‘ఫ్రెండ్’ స్వయంగా వచ్చారు.

అప్పటిదాకా ఆ కాలేజీలో ఎవరికీ ఏ సమస్యా లేదు. ఉన్నవన్నీ ఫ్రెండ్‌కే. “మా ఫ్రెండ్‌కి ఒక డౌట్ మేడం” అనని విద్యార్థి లేడు. ఇంతమంది చెప్పాక మనిషి రాకుండా ఎలా ఉంటారని ప్రిన్సిపాల్ విఠల్‌రావు ఫ్రెండ్‌కి రోల్ నంబరు ఇచ్చారు. చిక్కల్లా హాస్టల్ దగ్గరే వచ్చింది. అబ్బాయిలు పక్కనుంటే ఫ్రెండ్‌కి మీసం ఉండేది, అమ్మాయిలుంటే జడ. చివరికి స్టోర్‌రూమ్‌లో మంచం వేయించారు.

సెకండియర్ రవళికి నెలరోజులుగా తెల్లబట్ట, మంట. క్లాసులో కూర్చోలేకపోతోంది, లేచి నిలబడితే అందరూ చూస్తారు. “మా ఫ్రెండ్‌కి మేడం” అని కౌన్సెలర్ సబితకు చెప్పింది. సబిత ఫ్రెండ్‌ని డాక్టరు దగ్గరికి పంపింది. డాక్టరు మందులిచ్చింది. వారంలో ఫ్రెండ్‌కి తగ్గిపోయింది. రవళికి ఎక్కువైంది.

వరండాలో ఫ్రెండ్ ఎదురైతే నిలదీసింది.

“నా గోలీలు నువ్వెట్ల మింగుతవే?”

ఫ్రెండ్ జడ ముందుకు వేసుకున్నారు. “చీటీ నా పేరు మీదుంది గద. నీదొక్కటే అయితే బాగుండు. ఆ మగపిల్లలయి మింగలేక సస్తున్న.”

రవళి కౌన్సెలింగ్ గది ముందు నిలబడ్డ పిల్లల వరుస దాటుకుని లోపలికి వెళ్లింది. తలుపు వేయలేదు.

“నాకే మేడం. తెల్లబట్ట నాకే, మంట నాకే.”

“సిగ్గులేదా?” అన్నారెవరో వరుసలోంచి.

“అది గూడ ఫ్రెండ్‌కే ఇచ్చిన. పోయి అడుగు.”

“కూసో బిడ్డా,” అంది సబిత. “డాక్టరమ్మకు నిన్నే చూపిద్దాం.”

చీటీ మీద మొదటిసారి ఒక విద్యార్థి పేరు పడింది.

రవళి వెనక థర్డియర్ గంగాధర్ ఉన్నాడు. గోడ వైపు చూస్తూ, “నిద్రల లుంగీ పాడైతుంది మేడం. నాకే. బలమంత పోతదంటున్నరు,” అన్నాడు.

“బలం పోతదన్నది అబద్ధం. వయసు పిల్లలకు అయ్యేదే,” అంది సబిత.

వరండాలో చప్పట్లు మోగాయి. ఆ తర్వాత వరుసలో నిలబడ్డవాళ్లంతా ఎవరిది వాళ్లే చెప్పుకున్నారు.

మరుసటి శుక్రవారానికి రవళి బెంచీ మీద గంటసేపు హాయిగా కూర్చుంది. ఫ్రెండ్‌కి సమస్య ఒక్కటీ మిగలలేదు. ఆఫీసు టీసీ ఇచ్చింది. పిల్లలు దండ వేసి, డప్పు కొట్టి బస్సెక్కించారు.

బస్సు కదిలాక ప్రిన్సిపాల్ విఠల్‌రావు కౌన్సెలింగ్ గదిలోకి వచ్చి తలుపు వేశారు.

“మా ఫ్రెండ్ ఒకాయన ఉన్నడు మేడం,” అన్నారు.

గేటు బయట బస్సు ఆగింది. ఫ్రెండ్ సంచితో దిగారు. జుట్టు నెరిసి ఉంది.