ఇరవై నిమిషాలు ఎవరూ ముట్టొద్దు

మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంట పది నిమిషాలకు గద్వాలలో శివకుమార్ వంటింటి గట్టు మీది నుంచి మేక తొడ ఒకటి మాయమైంది. బరువు రెండు కిలోలు. ఓవెన్‌లోంచి తీసి అప్పటికి పది నిమిషాలు. సంవత్సరం 2006.

పొద్దున అనుకున్నది వేరు. శివకుమార్ విత్తనాల కంపెనీలో గుమస్తా. అతన్ని కల్వకుర్తికి బదిలీ చేసే కాగితం తయారైంది, సంతకం మిగిలింది. సంతకం చేయాల్సిన ఏరియా మేనేజర్ భానుప్రకాశ్ ఆ రోజు ధరూర్‌లో పత్తి చేలు చూసి రెండు గంటలకు భోజనానికి వస్తానన్నారు. "మీ దిక్కు మాంసమంటే చారే. హైదరాబాద్‌లో ఓవెన్‌లో కాలుస్తారు, అదీ తిండంటే" అని కిందటి నెల ఆయన అన్నారు. శివకుమార్ మర్నాడే ఓవెన్ కొన్నాడు.

తొడకు గాట్లు పెట్టి, పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం ముందు రోజే పట్టించాడు. ఓవెన్‌తో వచ్చిన పుస్తకం ప్రకారం మొదట ఖాళీ ఓవెన్‌ను వేడి చేయాలి. పది గంటలకు స్విచ్ వేశాడు. పది దాటి ఐదు నిమిషాలకు తల్లి తిమ్మమ్మ ఆపేసింది.

"ఏందమ్మా, బంద్ చేసినవ్?"

"లోపల ఏం లేదు గదరా. ఉత్త పొయ్యి మండబెడుతరా ఎవరన్న?"

మళ్లీ వేశాడు. కరెంటు పోయింది. పదకొండుకు వచ్చింది. పదకొండు పదికి తొడ లోపలికి వెళ్లింది. రెండువందల ఇరవై డిగ్రీల మీద ఇరవై నిమిషాలు, తర్వాత నూటఅరవైకి తగ్గించి గంటన్నర. మధ్యలో తలుపు తెరవొద్దని పుస్తకంలో ఉంది. తిమ్మమ్మ మూడుసార్లు తెరిచింది. మూడోసారి చేతిలో చెంబు ఉంది.

"నీళ్లు లేకుంట ఎట్ల ఉడుకుతదిరా?"

"ఉడుకొద్దమ్మా, కాలాలె."

"గా సారుకు నమిలెటందుకు పండ్లున్నయా?"

"అత్తా, జర ఇవతలికొచ్చి కూసో" అంది శివకుమార్ భార్య సౌందర్య, రొట్టె తడుతూ. తిమ్మమ్మ కూర్చోలేదు.

ఒంటిగంటకు తొడ బయటికి వచ్చింది. కత్తి మొన గుచ్చితే నెత్తురు లేని రసం వచ్చింది. వెంటనే కోస్తే ఆ రసమంతా పళ్లెంలోకి కారిపోతుందని, ఇరవై నిమిషాలు కప్పి ఉంచాలని పుస్తకంలో ఉంది. శివకుమార్ దాన్ని కొత్త పళ్లెంలో పెట్టి, ఉతికిన గుడ్డ కప్పాడు.

"ఇరవై నిమిషాలు దీన్ని ఎవరు ముట్టొద్దు. రుచి గిట్ల చూడొద్దు" అని ఇద్దరికీ చెప్పి స్నానానికి వెళ్లాడు.

ఆ ఇంట్లో మంగళవారం మాంసం వండితే మొదటి భాగం జమ్ములమ్మ అమ్మవారిది. ఎవరూ రుచి చూడకుండా, ముట్టకుండా, గుడ్డ కప్పి పక్కన పెడతారు. దాన్ని గుడికి తీసుకెళ్లే పని తిమ్మమ్మది.

ఒంటిగంటా పావుకు శివకుమార్ స్నానాల గదిలోంచి వచ్చాడు.

"తొడ ఏది?"

"మీ అమ్మ ఆటోల తీస్కపోయింది. ఇన్నాళ్లకు కొడుక్కు బుద్ధొచ్చింది, సారును ఇడిసిపెట్టి అమ్మోరికే మొత్తం తొడ తీసి పెట్టిండు అనుకుంట పోయింది."

"నువ్వు ఆపొద్దా?"

"ముట్టొద్దంటివి, రుచి చూడొద్దంటివి. ఇంకెవరిదనుకోవాలె?"

శివకుమార్ బైకు తీశాడు. ఒకటిన్నరకు గుడి బయట గోడ నీడలో తిమ్మమ్మ తొడ కోసి డొప్పల్లో పెడుతోంది. ఎదురుగా పది మంది వరుస కట్టారు.

"అమ్మా, గది అమ్మోరిది కాదే. సారు కోసం."

"జర మెల్లగ అను. అమ్మోరికి చూపెట్టినంక వాపస్ తీసుకుంటరా? నీగ్గావాలంటే లైన్ల నిలబడు."

నిలబడ్డాడు. డొప్ప అందుకుంటున్న మొదటి మనిషి వెనక్కి తిరిగి చూశాడు. భానుప్రకాశ్.

"శివకుమార్! దారిలో అమ్మవారికి దండం పెట్టుకుందామని ఆగాను. ఇది మూడో డొప్ప. నీ ఓవెన్ సంగతి వదిలెయ్. కాల్చడమంటే ఏమిటో ఈమెను చూసి నేర్చుకో."

"సార్, అది..."

"నువ్వాగురా" అంది తిమ్మమ్మ. "సారూ, తిన్నోళ్లు మొక్కు తీరాలె అనాలె. రెండుసార్లన్నవు, మల్ల అను."

"తీరాలి" అన్నారు భానుప్రకాశ్, నములుతూ. "ఇంతకీ ఏం మొక్కమ్మా?"

"ఎవడో హైదరాబాద్ సారంట. అన్నం తింటడో గడ్డి తింటడో తెల్వదు. మావోన్ని కల్వకుర్తికి తోలుతనంటుండు. కాయితం మీద వాని చెయ్యి పడొద్దని మొక్కిన."

"మీవాడంటే?"

"గీడే. మీ ఎన్క నిలబడ్డడు."

భానుప్రకాశ్ నమలడం ఆపారు. డొప్పలో ఇంకా రెండు ముక్కలున్నాయి. కాసేపు వాటిని చూసి, తిన్నారు. ఇంటికి రానని, కడుపు నిండిందని చెప్పి జీపు ఎక్కారు.

శివకుమార్ వంతు వచ్చేసరికి ఎముక మిగిలింది.

"తీరాలె అను" అంది తల్లి. అన్నాడు.

గురువారం కంపెనీ నుంచి కాగితం వచ్చింది. బదిలీ రద్దయింది. రెండో పేరా ప్రకారం ఏరియా మేనేజర్ గద్వాల తనిఖీ ఇకపై నెలకోసారి కాక, ప్రతి మంగళవారం ఉంటుంది.