కొమ్ము రాలిన పుండ్లు

వనపర్తిలోని ఆ వృద్ధాశ్రమం పేరు విశ్రాంతి నిలయం. పోయిన వానాకాలం గాలికి బోర్డు మీది 'వి' ఊడిపడి అది శ్రాంతి నిలయం అయింది. శ్రాంతి అంటే అలసట అని తెలిసినవాళ్లు ఆ వీధిలో ఎవరూ లేరు. తెలిసినవాళ్లు లోపల మంచాల మీద ఉన్నారు.

ఆ ఉదయం సూపర్‌వైజర్ నబీ సాబ్ పెట్టుకున్న పని ఒక్కటే, బిజినేపల్లి పోయి గాలి పరుపు తేవడం. గద్వాల నేతింటి మనిషి జమ్ములమ్మ తుంటి విరిగి లోపలి గదిలో మంచం పట్టింది. పడుకుని పడుకుని వీపు మీద రూపాయి నాణెమంత పుండు లేచింది. నబీ సాబ్ రోజూ వంటామె ఏసమ్మ చేత కడిగించి మందు పెట్టిస్తున్నా అది మొండికేసింది. గాలి పరుపు వేస్తే మానుతుందని, లేకపోతే ఎముక దాకా పోతుందని డాక్టరు చెప్పాడు. బిజినేపల్లిలో రంజిత్ అనే అతని తండ్రి ఈమధ్యనే పోయాడు. ఆయన వాడిన పరుపు ఊరికే ఇస్తానని అతను ఫోన్ చేశాడు.

"పగటీలి, పన్నెండు గొట్టేలోపల రా నబీ సాబ్. అటెంక ఇంటికి తాళమేసి పోతం. నువ్వు రాకుంటే ఇంకెవరికన్న ఇచ్చేస్త."

నబీ సాబ్ లోపలి గది కిటికీ పక్కన బండి స్టాండు తీశాడో లేదో మళ్లీ ఫోను మోగింది. స్పీకర్ నొక్కాడు. ఆశ్రమాల్లో ముసలివాళ్లను ఎలా చూసుకుంటున్నారో మార్కులు వేసే ఆఫీసు నుంచి గుమాస్తా. ఆయన నోట్లో గుట్కా. గుట్కా కారకుండా తల వెనక్కి వాల్చి మాట్లాడేవాడు పెదవులు గుండ్రంగా చుట్టలేడు. అందుకని 'పుండ్లు' మాటకున్న కొమ్ము ఆయన నోట్లోనే ఉండిపోయింది.

"సారు వస్తుండు ఇయ్యాల్నే. ముసలోళ్ల పండ్లు చూస్తడు. ఒక్కొక్కల్ని అడుగుతడు. తేడా వస్తే ఇల్లు బంద్. ముసలోళ్లను తలా ఓ ఊరికి పంపిస్తరు, తెల్సిందా?"

కొమ్మకుంటే పండ్లు, కొమ్ముంటే పుండ్లు. ఇంత చిన్న సంగతి ఆ గాభరాలో నబీ సాబ్‌కు తట్టలేదు. పండ్లు పెట్టి ఎన్నాళ్లయిందో తలుచుకున్నాడు. బండిని బిజినేపల్లి వైపు నుంచి బజారు వైపు తిప్పి, వంటామెను కేకేశాడు.

"ఏసమ్మా! సారొచ్చి పండ్లు చూస్తడంట. ఎవర్నడిగినా రోజూ ఉన్నయి, మస్తుగున్నయి అనాలె. అందరికీ చెప్పు!"

బత్తాయిలు, జామకాయలు, అరటి గెలతో తిరిగొచ్చేసరికి వరండాలో ఏసమ్మ సత్తు గిన్నె ముందేసుకుని కూర్చుంది. గిన్నె నిండా కట్టుడు పళ్లు. బూడిదతో తోమి తళతళలాడిస్తోంది.

"ఇదేంది ఏసమ్మా?"

"పండ్లు చూస్తరంటివి గద!"

"నేను చెప్పింది తినేటి పండ్లు!"

"నేను తోమింది తినేటియే. నవ్వేటియి వేరే ఉన్నయా మనోళ్లకు?"

తోమడం బాగానే జరిగింది. పంచడంలోనే తేడా వచ్చింది. హాల్లో ఉండే సుల్తానాబీ పళ్లు ఇస్రాయేలు నోట్లోకి, ఇస్రాయేలువి ఇంకెవరి నోట్లోకో పోయాయి. మార్చే వ్యవధి లేకుండానే జీపు వచ్చి ఆగింది. మధ్యలో రంజిత్ ఫోన్ చేస్తే నబీ సాబ్, "జర ఆగు బేటా, పండ్లు కోస్తున్న" అని కత్తి పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తాడు.

వచ్చిన అధికారి పేరు కురుమూర్తి. మంచి మనిషే. హాల్లో మొదటి మంచం దగ్గర ఆగి సుల్తానాబీని మెల్లగా అడిగాడు.

"పుండ్లేమైనా ఉన్నాయా అమ్మా?"

సుల్తానాబీకి చెవులు సగం, చెప్పిన పాఠం పూర్తిగా వచ్చు.

"రోజూ ఉంటయి బేటా. మస్తుగ."

"రోజూనా! ఎవరూ చూడరా?"

"ఎందుకు చూడరు? నబీ సాబే చూసుకుంటడు. పొద్దుగాల ఒకటి, రాత్రికొకటి. సొంత చేత్తోని కోసి పెడ్తడు."

కురుమూర్తి కలం ఆగిపోయింది. పక్క మంచం మీది ఇస్రాయేలు, పరాయి పళ్లను నాలుకతో సర్దుకుంటూ అందుకున్నాడు.

"నాకు మొదట్ల వద్దనిపిస్తుండె సారూ. ఇప్పుడు అలవాటైంది. జర మెత్తబడితే ఇంక మంచిగుంటయి."

"ఈగలు ముసురుతాయి కదయ్యా!"

"ముసిరినయి ఏసమ్మకు పోతయి."

కేర్ చూడటానికి వచ్చిన సారు కేరుమనడం ఒక్కటే తక్కువ. పెద్దదవాఖానకు ఫోన్ చేసి అంబులెన్సులు పంపమన్నాడు. సరిగ్గా అప్పుడే నబీ సాబ్ ఒక చేత పళ్లెం, ఇంకో చేత కత్తితో ప్రత్యక్షమయ్యాడు.

"వీళ్లందరికీ పుండ్లు చేసింది నువ్వేనా?" అని గర్జించాడు కురుమూర్తి.

నబీ సాబ్‌కు అప్పుడు కొమ్ము వినబడింది. పళ్లెం చేతిలోంచి జారింది.

"యా అల్లా! సార్, వీళ్లకెవ్వరికీ పుండ్లు లెవ్వు. ఉన్నది లోపలి గదిల అవ్వకు! ఆమెను తీస్కపోండ్రి సార్, మీ కాళ్లు మొక్కుత!"

ఇల్లు పోతే పోయిందనుకునే అన్నాడు ఆ మాట. కురుమూర్తి లోపలికి వచ్చాడు. జమ్ములమ్మ దుప్పటి మెడదాకా లాక్కుని ఆయనను సూటిగా చూసింది.

"నాకేం లేదు సారూ. నా వీపు అద్దం లెక్క ఉన్నది."

"అవ్వా, అబద్ధమాడకు!" అన్నాడు నబీ సాబ్.

"ఉన్నవాళ్లకు లేవంటావు, లేనామెకు ఉందంటావు! ఏం మనిషివయ్యా నువ్వు?" కురుమూర్తి వెనక్కి తిరిగాడు. "ఆడమనిషి కప్పుకున్న దుప్పటి తీసే హక్కు నాకు లేదు. మిగతావాళ్లను దవాఖానలో లేడీ డాక్టరు చూస్తుంది."

పుండ్లు లేని వాళ్లందరూ బండ్లెక్కారు. సుల్తానాబీ ఒళ్లో అరటి గెల పెట్టుకుని, "ఏ దర్గాకు పోతున్నం బేటా?" అని డ్రైవర్‌ను అడిగింది. బండ్లు వెళ్లిపోయాక ఇల్లంతా ఖాళీ మంచాలు. ఫోన్‌లో రంజిత్ గొంతు కటువుగా వినిపించింది.

"గోపాల్‌పేటోళ్లకు ఇచ్చేసిన నబీ సాబ్. ఎంతసేపని చూస్త?"

నబీ సాబ్ జమ్ములమ్మ మంచం పక్కన కూలబడ్డాడు.

"గట్లెందుకన్నవ్ అవ్వా?"

"తేడా వస్తే ఇల్లు బంద్ అని ఆ గుమాస్త ఫోన్ల మొత్తుకుంటుండె గద, కిటికీలకెల్లి నాకు ఇనబడలేదా? నన్నొక ఊరికి, సుల్తానాబీనొక ఊరికి తోలేస్తరు. పుండు నా ఒక్కదానిది. ఇల్లు అందరిది."

దుప్పటి కిందికి దించుకుని మళ్లీ అంది. "మా తల్లిగారిల్లు రాయచూరు దిక్కు. ఆడ కన్నడంల పండంటే హణ్ణు, పుండంటే హుణ్ణు. ఏ దేశం పోయినా గీ రెండూ పక్కపక్కనే తిరుగుతయి. చెప్దామంటే నువ్వు బజారుకు ఉరికితివి."

నబీ సాబ్ నవ్వబోయాడు. నవ్వలేక ఏసమ్మను మందు తెమ్మని కేకేశాడు.

దవాఖానలో లేడీ డాక్టరు అందరినీ తిప్పి తిప్పి చూసింది. ఒక్క పుండు లేదు. ఒకరి పళ్లు ఒకరి నోట్లో ఉన్నాయని మాత్రం రాసింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను అంబులెన్సుల్లో తరలించినందుకు పైవాళ్లు కురుమూర్తిని నిలదీశారు. ఆయన తడుముకోకుండా, అది ముందుజాగ్రత్త వైద్య పరీక్ష అన్నాడు. అన్న మాట నిలబడాలంటే ఆశ్రమం గొప్పదవ్వాలి. వారం తిరక్కుండా అద్దం కట్టించిన ప్రశంసాపత్రంతో ఆయనే వచ్చాడు. 'ఒక్క పుండు కూడా లేని ఆశ్రమం' అని బంగారు రంగు అక్షరాలు.

ఫోటో అయ్యాక నబీ సాబ్ చేతులు కట్టుకుని అడిగాడు.

"సార్, ఒక్క గాలి పరుపు ఇప్పించుండ్రి."

"పుండ్లు లేని ఇంటికి గాలి పరుపెందుకు నబీ సాబ్?"

"ఉన్నది సార్, అవ్వకు..."

కురుమూర్తి గొంతు తగ్గించాడు. "ఉందంటే ఈ పత్రం వాపసు తీసుకోవాలి. ఇల్లు మూయాలి. నా కొలువు కూడా దాని వెంబడే పోతుంది. ఆలోచించి చెప్పు."

నబీ సాబ్ నోరు తెరిచేలోపే లోపలి గదిలోంచి జమ్ములమ్మ అరిచింది.

"నాకేం లేదు సారూ!"

ఇల్లు మొత్తంలో మేకు ఉన్నది లోపలి గది గోడకొక్కదానికే కావడంతో ఆ పటాన్ని జమ్ములమ్మ మంచానికి ఎదురుగా తగిలించారు. దాన్ని చూడలేక ఆమె రోజూ ఏసమ్మ చేత పక్కకు తిప్పించుకుని పడుకుంటోంది. గాలి పరుపు రాలేదు గాని, వీపుకు మాత్రం కాస్త గాలి తగులుతోంది.