అరబా కూర్చునే చోటు

ఆ ఆదివారం పొద్దున ఎబో క్వాన్సా వేసుకున్న పథకంలో మొత్తం నాలుగు పనులే ఉన్నాయి. ట్రోట్రో వ్యానెక్కి చర్చికి వెళ్ళడం, భార్య అరబా కూర్చునే చోట ఒక్క పాట అయ్యేదాకా కూర్చోవడం, ఎవరితోనూ మాట కలపకుండా బయటపడడం, ఇంటికొచ్చి కెంకే అనే పులిసిన మొక్కజొన్నపిండి ముద్దలో చేప నంజుకు తినడం. టాకోరాడి రేవుపట్నంలో ముప్పై ఏళ్ళు ఫ్రిజ్‌లు బాగుచేసిన చేతికి ఇదో పెద్ద పని కాదని ఆయన ధీమా.

అరబా పోయి ఆ రోజుకు సరిగ్గా ఏడాది. ఇరవై రెండేళ్ళు ప్రతి ఆదివారమూ ఆవిడ గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ "ఇవాళైనా వస్తావా?" అని అడిగేది. ఈయన రేడియో మీంచి తలెత్తకుండా "వచ్చే ఆదివారం" అనేవాడు. నిజానికి దేవుడితో ఆయనకు పేచీ ఏమీ లేదు. భయమంతా మనుషులతోనే. కొత్తవాళ్ళొస్తే లేచి నిలబడమంటారనీ, మైకులో పేరూ ఊరూ చెప్పిస్తారనీ, స్వాగతం పాట పాడి అందరూ వరసగా వచ్చి చేతులు కలుపుతారనీ, చివర్లో వేరే గదిలో కూర్చోబెట్టి టీ ఇస్తారనీ ఆవిడే ఒకసారి చెప్పింది. ఆవిడ ఊరిద్దామనుకుంది. ఈయన హడలిపోయాడు.

ఇప్పుడా ప్రశ్న అడిగే మనిషి లేదు. ఏడాదిగా ఆదివారాలు రేడియో పెట్టినా ఆయన చెవికెక్కడం లేదు. ఆవిడ ఇన్నేళ్ళూ ఏం చూస్తూ కూర్చుందో ఆ చోటు నుంచి ఒక్కసారి చూడాలని మనసు కొట్టుకుపోతోంది.

ఏడాది నిండింది కాబట్టి నల్లబట్టలు తీసేసి, అరబా చివరిసారి ఇస్త్రీ చేసి బీరువాలో పెట్టిన తెల్లచొక్కా, తెల్లప్యాంటు వేసుకున్నాడు. ఇన్నాళ్ళూ ఆ మడత విప్పడానికి ఆయనకు మనసు రాలేదు. ఆ ఊళ్ళో ఆదివారం పూట నిలువెల్లా తెలుపు కట్టుకుని చర్చికి వచ్చారంటే, దేవుడికి కృతజ్ఞత చెప్పుకోవలసిన శుభకార్యం ఏదో జరిగిందన్నమాట. అది ఆయనకూ తెలుసు. కంగారులో తట్టలేదంతే.

గుమ్మం దగ్గర భుజానికి పట్టీ కట్టుకున్న మాన్సా అనే అమ్మాయి ఎదురొచ్చింది. వచ్చినవాళ్ళను కూర్చోబెట్టడం ఆమె పని. "మొదటిసారా బాబాయ్? రండి, ఇది కొత్తవాళ్ళ బల్ల," అని తలుపు పక్కనున్న ఆఖరి బల్ల మీద కూర్చోబెట్టింది. ఆమె అటు తిరిగేదాకానే ఎబో అక్కడ కూర్చున్నాడు. పెళ్ళిలో, చేపల బజారులో, చివరికి ట్రోట్రోలో కూడా ముందుసీటు వదలని మనిషి అరబా. పైగా "నా చోటు నుంచి వచ్చేవాళ్ళందరూ కనిపిస్తారు" అని ఎన్నోసార్లు గొప్పగా చెప్పింది. అలాంటిది వెనకబల్ల మీద ఎందుకు కూర్చుంటుంది? అందరూ ప్రార్థనకు కళ్ళు మూసుకోగానే పిల్లిలా నడిచివెళ్ళి రెండో వరసలో ఖాళీ కనిపించిన చోట సర్దుకున్నాడు. జనం కళ్ళు తెరిచేసరికి, ఒకే రకం పూలగుడ్డ కట్టిన స్త్రీల సమాజం మధ్యలో ఆయనొక్కడే తెల్లగా మెరుస్తున్నాడు.

డప్పులు మొదలయ్యాయి. పక్కనున్న బెంటుమా అనే పెద్దావిడ ఆయన్ను కిందినుంచి పైదాకా చూసి చెవిలో ఏదో అడిగింది. డప్పుల హోరులో ఒక్క ముక్క వినపడలేదు. తలాడిస్తే వదిలేస్తుందని ఎబో తలాడించాడు. ఆవిడ అడిగింది "బిడ్డ పుట్టిందా?" అని. ఈ సంగతి ఆయనకు తర్వాత తెలిసింది. ఆ కబురు ముందు వరసకు పాకేసరికి బిడ్డ మగబిడ్డ అయ్యాడు. నడవ దాటేసరికి కవలలయ్యారు. పాటల బృందం దగ్గరికి చేరేసరికి ఇరవై ఏళ్ళ నోముల పంటగా కవలలు పుట్టారు. అక్కణ్ణుంచి ఒక చీటీ మీద ఎక్కి పాస్టర్ చేతిలో పడింది.

పాస్టర్ ఈ చర్చికి వచ్చి మూడు నెలలే. దేవుడు చేసిన మేలు చెప్పుకునే ఇలాంటి సాక్ష్యం కోసం మొహం వాచి ఉన్నాడు. శారాకు ముసలితనంలో సంతానమిచ్చిన దేవుడు ఇవాళ ఈ తెల్లబట్టల పెద్దాయనకూ ఇచ్చాడని మైకులో చాటాడు. బెంటుమా తన తెల్ల రుమాలు ఎబో చేతిలో కుక్కి ముందుకు తోసింది. వెనకాల స్త్రీల సమాజమంతా రుమాళ్ళు ఊపుతూ, అడుగులు వేస్తూ బయల్దేరింది. ఎబో కూడా అడుగులు వేశాడు. వేయకపోతే తొక్కేసేలా ఉన్నారు. అలా ఆడుతూ పాడుతూ, ఆయన జీవితమంతా దేనికి భయపడ్డాడో ఆ మైకు ముందుకే చేరాడు.

"మరి ఆ తల్లేదీ? ఆవిడను కూడా చూస్తాం కదా," అన్నాడు పాస్టర్.

డప్పులు ఆగాయి. అవి మొదలైనప్పటినుంచీ ఎబోకు స్పష్టంగా వినపడిన మొదటి మాట అది.

"లేదండీ. పోయింది," అన్నాడు.

స్త్రీల సమాజం నెత్తిన చేతులు పెట్టుకుంది. పసివాళ్ళకు పాలెవరు పడతారని బెంటుమా అప్పుడే ఆరా తీస్తోంది. చెరొకరిని పెంచుకుంటామని ఇద్దరు తల్లులు లేచారు కూడా. పారిపోదామంటే తలుపు మూడువందల మంది అవతల ఉంది. ఎబో మైకును రెండు చేతులా పట్టుకున్నాడు.

"పిల్లల్లేరమ్మా. మాకు అసలు పిల్లలే లేరు. మా అరబా పోయి ఇవాళ్టికి ఏడాది. ఇరవై రెండేళ్ళు రమ్మంది, నేను రాలేదు. తను కూర్చునే చోట ఒక్కసారి కూర్చుందామని వచ్చాను. కూర్చున్నాను. ఇంక వెళ్ళొస్తాను."

లేచిన తల్లులిద్దరూ మళ్ళీ కూర్చున్నారు. బెంటుమా మాత్రం అడిగింది. "రొట్టెలమ్మే అరబానా? ఆవిడ ఇక్కడెప్పుడు కూర్చుంది? ఆ చోట పదిహేనేళ్ళుగా మా చెల్లెలు కూర్చుంటోంది. ఇవాళ జ్వరమొచ్చి రాలేదు."

ఎబోకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంత అల్లరీ పడి చివరికి వేరే ఎవరి చోటులోనో కూర్చుని వచ్చాడు. అప్పుడు వెనకనుంచి మాన్సా నడిచొచ్చి, ఆయన మణికట్టు పట్టుకుని, నడవ పొడుగునా తీసుకెళ్ళి, తలుపు పక్కన ఆఖరి బల్ల మీద కూర్చోబెట్టింది.

"ఆవిడ ఇక్కడే కూర్చునేది బాబాయ్. ముందుకు రమ్మని ఎంత పోరినా వచ్చేది కాదు. 'మా ఆయన వస్తాడు, కొత్తవాళ్ళ బల్ల మీద ఒక్కణ్ణీ కూర్చోబెడితే భయపడి పారిపోతాడు' అనేది. పక్కన సంచి పెట్టి చోటు ఆపేది. ఎవరన్నా కూర్చోబోతే, 'మనిషి వస్తున్నాడు' అని లేపేసేది."

ఎబో తలెత్తి చూశాడు. అక్కణ్ణుంచి పాస్టర్ కనబడడు. పాటల బృందం కనబడదు. తెరిచిన తలుపులోంచి రోడ్డు కనబడుతుంది, ట్రోట్రో ఆగే చోటు కనబడుతుంది, దిగి ఇటు నడిచొచ్చే ప్రతి మనిషీ కనబడతాడు. ఇరవై రెండేళ్ళు ఆవిడ చూసింది అదే. ఆయన బెంటుమా రుమాలు మొహానికి కప్పుకుని, మూడువందల మంది ముందు సిగ్గు లేకుండా ఏడ్చాడు.

ఆ తర్వాత ఆయన భయపడినవన్నీ వరసగా జరిగాయి. లేచి నిలబడమన్నారు, నిలబడ్డాడు. స్వాగతం పాట పాడారు. మూడువందల చేతులు వచ్చి ఆయన చేయి కలిపి వెళ్ళాయి. గదిలో కూర్చోబెట్టి టీ ఇచ్చారు. కవలలు పుట్టారని కానుకగా తీసిపెట్టిన రెండు రొట్టెలూ బెంటుమా ఆయన ముందే పెట్టింది. ఆయన రెండూ తిన్నాడు.

గుమ్మం దగ్గర మాన్సా అడిగింది. "మళ్ళీ ఎప్పుడొస్తారు బాబాయ్?"

"వచ్చే ఆదివారం," అన్నాడు ఎబో.

ఆ మాటను నమ్మినవాళ్ళలో మాన్సా రెండోది.