ఉత్తుత్తి ఊళ్లో ఆక్రమణలు

పట్టణంలో రోడ్లన్నీ అద్దంలా తయారయ్యాయనీ, చూడదలచిన పౌరులు ప్రత్యేక కళ్లజోడు తగిలించుకుని కంప్యూటరులోకి విచ్చేయవలసిందనీ పురపాలక సంఘం సగర్వంగా ప్రకటించింది.

ఈ ఘనకార్యం ఇంజనీరుది. ఒకే ఇంట్లో అన్నదమ్ములు వేరుకాపురాలు పెట్టినట్టు, ఒకే కంప్యూటరులో నాలుగు ఉత్తుత్తి కంప్యూటర్లు సృష్టించాడు. ఒకదానిలో రోడ్లు, ఒకదానిలో బజారు, ఒకదానిలో ఇళ్లు, నాలుగోదానిలో పార్కు. ఎవరైనా ప్రవేశించవచ్చు, నడవవచ్చు, తమ స్థలంలో ఇల్లు కట్టుకోవచ్చు.

జనం క్రమశిక్షణతో ప్రవేశించారు. అదే క్రమశిక్షణతో పార్కులో కట్టుకున్నారు.

ఒకరోజు బరువు మోయలేక పార్కున్న ఆ నాలుగో ఉత్తుత్తి యంత్రం చతికిలబడింది. ఇంజనీరు లోపలికి తొంగిచూస్తే గడ్డిపరక లేదు, అన్నీ మేడలే. పాపం, అతడికి ధర్మం గుర్తొచ్చింది. ముందే దాచిన నకలు తీసి, పార్కును తొలినాటి పచ్చదనానికి తిప్పేశాడు. మెచ్చుకుంటారనుకుని ఆ పూట ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

మర్నాడు కార్యాలయం ముందు ఊరు ఊరంతా విరుచుకుపడింది. నెలల తరబడి నీళ్లు రాకపోయినా గడప తొక్కనివాళ్లు కూడా వచ్చారు. అందరికంటే ముందు అతడి అత్తగారు.

"ఏం బాబూ, నా మేడ కూల్చింది నువ్వేనటగా?"

"అది ఉత్తుత్తి మేడే కదండీ అత్తయ్యగారూ!"

"మేడ ఉత్తుత్తిదే. పక్కింటావిడ ముందు పోయిన పరువు కూడా ఉత్తుత్తిదేనా?"

ఇంజనీరు చేతులు జోడించాడు. ఉద్యోగం ఊడినట్టేననుకున్నాడు.

పురపాలక సంఘం అధ్యక్షులవారు బల్లెక్కారు. "సోదరసోదరీమణులారా! ప్రజల కష్టార్జితం మీద చెయ్యి వేస్తే మా ప్రభుత్వం చూస్తూ ఊరుకోదు! మేడలన్నీ తిరిగి లేస్తాయి. పార్కంటారా, ఐదో యంత్రంలో ఇంకోటి వేయిస్తాం!"

చప్పట్లు మిన్నుముట్టాయి. ఇంజనీరు మేడలన్నీ యథాస్థానంలో నిలబెట్టి, అధ్యక్షులవారి బావమరిది మేడకు అడగకుండానే ఒక అంతస్తు కలిపి, ఉద్యోగం నిలుపుకున్నాడు.

ఐదో యంత్రంలో కొత్త పార్కు సిద్ధమైంది. దాని తాళం ఇంజనీరు చేతిలోనే ఉంది. గేటు పక్కన మూల స్థలం మీద అతడికీ మనసు పడింది. కానీ నిజాయితీపరుడు గనక, రిబ్బను కత్తిరించేదాకా ఆగాడు. తీరా జనం వెనకాల లోపలికి వెళితే, కాలు పెట్టడానికి చోటు లేదు.

అతడి నిజాయితీని ఊరంతా మనస్ఫూర్తిగా కొనియాడింది, ఎవరి మేడ మీద వాళ్లు నిలబడి.